ఎనిమిదో పేపరు

గురువారం సాయంత్రం నమ్రత స్కూలు నుంచి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకున్న దగ్గర మొదలవుతుంది ఈ కథ. ఏపీ కాల్క్యులస్ మాక్ ఎగ్జామ్‌లో ఏడుగురు తెలుగు పిల్లల పేపర్లు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని మాస్టారు ప్రూయిట్ పట్టుకున్నాడు. "మీకిది ఎవరు నేర్పారు?" అని అడిగితే ఏడుగురూ తలలు వంచుకున్నారు తప్ప నోరు మెదపలేదు. నోరు మెదపకపోతే ఏ దేశంలోనైనా తప్పు ఒప్పుకున్నట్టేగా! శుక్రవారం మూడింటికి ఇంటివాళ్లని తీసుకురమ్మని అసిస్టెంట్ ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది.

ఏపీ అంటే ఇక్కడ అమెరికాలో మన రాష్ట్రం కాదు, హైస్కూల్లో ఉండగానే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మే నెల పరీక్షలో అయిదుకి అయిదు తెచ్చుకుంటే చాలా కాలేజీలు ఆ కోర్సు తమ దగ్గర చదివినట్టే క్రెడిట్ ఇచ్చేస్తాయి. నమ్రతకి మార్చిలోనే యూనివర్సిటీలో సీటొచ్చింది. ఈ క్రెడిట్ కూడా వస్తే మొదటి ఏడాది కాల్క్యులస్ కోర్సులు దాటేసి, తనకి ఇష్టమైన రోబోటిక్స్‌లోకి ముందే దూకెయ్యొచ్చని పిల్ల ఏడాదిగా కలలు కంటోంది. ఇప్పుడు కాపీ కొట్టిందని స్కూలు ఒక్క కాగితం పంపితే క్రెడిట్ మాట దేవుడెరుగు, సీటే పోయేలా ఉంది.

ఆ ఈమెయిల్ చదివాక నమ్రత నాన్న హరనాథ్ మొట్టమొదట ఏం చేశాడో తెలుసా? గరాజ్‌లోకి పరిగెత్తి, గోడకున్న వైట్‌బోర్డు శుభ్రంగా తుడిచేశాడు.

అతని వెనకే వచ్చారు లీలావతిగారు. హరనాథ్‌కి అత్తగారు, నమ్రతకి అమ్మమ్మ. తణుకులో ముప్ఫై ఒక్కేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరర్. ఆర్నెల్లు ఉండి వెళ్దామని మోరిస్‌విల్ వచ్చి, రెండు వారాలు టీవీ ముందు కూర్చుని, మూడో వారం మనవరాలి నోటుబుక్కు తెరిచి "ఇదేం లెక్కే, చేతిరాత కోడి గెలికినట్టు!" అని మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి గరాజ్‌లో మడత టేబుళ్లు, వాటి చుట్టూ ఏడుగురు పిల్లలు.

"బోర్డెందుకు తుడిచావు బాబూ? ఇవాళ చెప్పాల్సింది దాని మీదే రాసుకున్నా."

"ఇవాళ పిల్లలు రారు అత్తయ్యగారూ."

"ఏం, జ్వరాలా?"

"అంటే... అందరికీ వేరే పనులున్నాయట."

"ఏడుగురికీ ఒక్కసారే? చూడు బాబూ, క్లాసుకి క్లాసు ఎగ్గొట్టిందంటే ఊళ్లో కొత్త సినిమా అన్నా వచ్చుండాలి, ఎక్కడో గొడవన్నా జరిగుండాలి. ఏ సినిమా?"

హరనాథ్ తుడిచిన బోర్డునే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో నలభై మందికి ప్రెజెంటేషన్లు ఇచ్చే మనిషికి అత్తగారి ముందు మాట పెగలదు. అప్పుడే ఫార్మసీలో డ్యూటీ ముగించుకుని వచ్చిన జయంతి, కారు తాళాలు చేతిలోనే ఉండగా, "ఇంక చెప్పెయ్యండి. ఎన్నాళ్లని దాస్తారు?" అంది మొగుడితో.

చెప్పింది మాత్రం నమ్రత. గది తలుపు తీసుకుని, ఏడ్చి ఎర్రబడిన ముక్కుతో వచ్చింది.

"అమ్మమ్మా, మేం కాపీ చేశాం అనుకుంటున్నారు స్కూల్లో. పేపర్స్ అన్నీ సేమ్ ఉన్నాయంట. ఎవరు టీచ్ చేశారు అని అడిగారు. కానీ మేం నీ పేరు చెప్పలేదు. ఎవ్వరూ చెప్పలేదు. ప్రామిస్!"

"నా పేరు చెప్పకపోవడమేమిటే? నేనేమన్నా దొంగనోట్లు అచ్చేస్తున్నానా?"

"డాడీ చెప్పొద్దన్నాడు."

లీలావతిగారు అల్లుడి వైపు తిరిగారు. హరనాథ్ గొంతు సవరించుకున్నాడు.

"మీది విజిటర్ వీసా అత్తయ్యగారూ. దాని మీద వచ్చి ట్యూషన్ చెప్తున్నారని ఎవరన్నా రిపోర్ట్ చేస్తే ప్రాబ్లమ్ అవుతుందేమోనని... పిల్లలందరికీ ముందే చెప్పి పెట్టాను, బయట మీ పేరెత్తొద్దని."

"ట్యూషనా? నేను ఒక్క డాలరు ముట్టుకున్నానా?"

"లేదనుకోండి. కానీ కౌశిక్ వాళ్లమ్మగారు ప్రతి మంగళవారం గుత్తివంకాయ కూర పంపుతున్నారు కదా. అది కాంపెన్సేషన్ కిందకి వస్తుందేమోనని మా లాయర్‌కి మెయిల్ పెట్టాను."

"ఏమన్నాడు?"

"ఇంకా రిప్లై ఇవ్వలేదు."

జయంతి పక్కకి తిరిగి నవ్వు ఆపుకుంది. మీరు మాత్రం నవ్వకండి. పదిహేనేళ్లు ఒక కాగితం తర్వాత ఇంకో కాగితం కోసం ఎదురుచూస్తూ, ఏ చిన్న తేడా వస్తే ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాలోనని బతికినవాడు వంకాయకి కూడా భయపడతాడు. అత్తగారి మీద ప్రేమతోనే చేశాడు పాపం. ఆ ప్రేమ వెళ్లి కూతురి మెడకి చుట్టుకుంటుందని అనుకోలేదు.

లీలావతిగారు అరవలేదు. మడత కుర్చీలో కూర్చున్నారు. నమ్రతకి భయమేసి దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"నాకోసం నీ సీటు పణం పెట్టావా పిచ్చితల్లీ!" అన్నారావిడ, మనవరాలి చెయ్యి పట్టుకుని. వెంటనే లేచి నిలబడి, "రేపు మూడింటికి నేనూ వస్తున్నా" అన్నారు.

"అత్తయ్యగారూ, మీరొద్దు, నేను మాట్లాడి..."

"నువ్వు మాట్లాడింది చాలు బాబూ. పొమ్మంటే పోతాను, దానిదేముంది! నా పాఠం నేను చెప్పుకోవడానికి కూడా నాకు లాయరు కావాలా?"

శుక్రవారం అసిస్టెంట్ ప్రిన్సిపాల్ గదిలో ముందు నమ్రత వంతు. మిగతా ఆరు కుటుంబాలూ వరండాలో బెంచీల మీద, పెళ్లిచూపులకి వచ్చి పిలుపు రాక కూర్చున్నవాళ్లలా కూర్చున్నాయి. లోపల డాక్టర్ బేట్స్. పొడగరి, మాట మెత్తన, చేతిలో ఎప్పుడూ పెన్ను. ఆవిడ ముందు అప్పటికే టైపు చేసి పెట్టిన రిపోర్టు, అడుగున సంతకం ఒక్కటే బాకీ. పక్కన ప్రూయిట్. ఇరవై ఆరేళ్లుగా కాల్క్యులస్ చెబుతున్న మనిషి, వేళ్ల నిండా మార్కర్ మరకలు. నమ్రతని చూసి ఆయన కళ్లు దించుకున్నాడు. తనకిష్టమైన స్టూడెంటు మీద ఫిర్యాదు పెట్టడం ఏ మాస్టారికి బాగుంటుంది చెప్పండి!

ఏడు పేపర్లు వరసగా బల్ల మీద పరిచాడు ప్రూయిట్.

"చూడండి. ప్రతి పేజీలో కుడివైపు నిలువుగా ఒక గీత. ఆ గీతకి అవతల చిన్న చిన్న లెక్కలు, పైన 'రఫ్ వర్క్' అని పేరు. ప్రతి ముగింపుకీ ముందు 'కాబట్టి'కి గుర్తుగా మూడు చుక్కలు. జవాబు చుట్టూ స్కేలు పెట్టి గీసిన పెట్టె. ఏడుగురూ ఇంతే. నా సర్వీసులో ఇలాంటి పేపరు ఒక్కటి కూడా చూడలేదు, ఇప్పుడు ఒకేసారి ఏడు. పోనీ అదేదో ఫ్యాషన్ అనుకుందాం. చివరి ప్రశ్న దాకా వచ్చి పూర్తి చేసింది క్లాసు మొత్తంలో ఈ ఏడుగురే. ఏడుగురికీ ఒకటే జవాబు. అదీ తప్పు జవాబు. సరైన జవాబు ఏడుగురికి రావచ్చు, ఒకే తప్పు ఏడుగురికి ఎలా వస్తుంది?"

లీలావతిగారు లేచి నిలబడ్డారు. వంగపండు రంగు వెంకటగిరి చీర, కాళ్లకి మనవరాలు కొనిపెట్టిన స్నీకర్లు.

"ఐ యామ్ ది కల్‌ప్రిట్, సర్" అన్నారు ఇంగ్లీషులో, గంటకొట్టినట్టు. "ఐ టాట్ దెమ్. ఎవ్రీ ఈవెనింగ్, సిక్స్ టు ఎయిట్."

హరనాథ్ కళ్లు మూసుకున్నాడు. మూసుకునే గబగబా చెప్పుకుపోయాడు: "ఆవిడ మా అత్తగారు, విజిటర్ మాత్రమే, ఫీజేమీ తీసుకోవట్లేదు, అంతా ఫ్రీ, కంప్లీట్లీ ఫ్రీ..."

డాక్టర్ బేట్స్ అతని వంక వింతగా చూసింది. "మిస్టర్ హరనాథ్, ఇది హైస్కూలు. ఇక్కడ వీసాలు ఎవరూ చూడరు. ఒక అమ్మమ్మ మనవరాలికి లెక్కలు చెబితే నేను చెయ్యగలిగిందల్లా అభినందించడమే. ఈ మాట నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది కదా?"

అంతే! ఒక్క ముక్కలో తేలిపోయింది. హరనాథ్ ఊపిరి వదిలిన చప్పుడు వరండాలోకి కూడా వినిపించి ఉంటుంది.

ప్రూయిట్ మాత్రం వదల్లేదు. "గీతలూ చుక్కలూ అర్థమయ్యాయి మ్యామ్. మరి తప్పు?"

"తప్పా?" లీలావతిగారి కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లెవరైనా ఆ కనుబొమలు చూస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేవాళ్లు. "నమ్రతా, ఆ ప్రశ్న చదువు."

నమ్రత చదివింది. ఆర్ ఈక్వల్స్ త్రీ ప్లస్ టూ కాస్ తీటా. ఆ వంపు లోపలి వైశాల్యం ఎంత?

ఆవిడ మార్కర్ అందుకుని గోడకున్న బోర్డు దగ్గరికి వెళ్లారు. ముందు బొమ్మ వేశారు, ఒక పక్క కాస్త నొక్కుకుపోయిన మామిడికాయలా వచ్చింది. తర్వాత ఒక్కో మెట్టూ పలుకుతూ రాశారు. మూడుని వర్గం చేస్తే తొమ్మిది, మధ్య పదం చుట్టూ తిరిగొచ్చేసరికి సున్నా, కాస్ వర్గం దగ్గర తొందరపడకూడదు, తొందరపడినవాడు బోల్తా పడతాడు... ఆవిడ తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెబుతుంటే నమ్రత పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చింది. డాక్టర్ బేట్స్ పెన్ను కింద పెట్టి చూస్తోంది. మూడే నిమిషాలు. జవాబు చుట్టూ పెట్టె గీసి పక్కకి తప్పుకున్నారు.

పదకొండు పై.

"వీళ్లు రాసిందీ అదే" అన్నాడు ప్రూయిట్. "నా కీలో ఆరు పై అని ఉంది."

"అయితే మీరు చేసి చూపించండి" అని మార్కర్ ఆయన చేతిలో పెట్టారు లీలావతిగారు.

ప్రూయిట్ మొదలుపెట్టాడు. రెండు లైన్లు రాశాడు. మూడో లైన్లో చెయ్యి ఆగింది. ప్రశ్నపత్రం తీసి చూశాడు. బోర్డు చూశాడు. మళ్లీ ప్రశ్నపత్రం చూశాడు. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది.

"పోయినేడు ఇది టూ ప్లస్ టూ కాస్ తీటా" అన్నాడు నెమ్మదిగా. "అప్పుడు గుండె ఆకారం వచ్చేది, జవాబు ఆరు పై. పాత పేపర్లు పిల్లల దగ్గర తిరుగుతున్నాయని ఈసారి రెండుని మూడు చేశాను. ప్రశ్నలో మార్చాను. కీలో..."

"మార్చలేదు" అంది నమ్రత, తనకి తెలీకుండానే.

ప్రూయిట్ నవ్వాడు. ఏదో మర్యాదకి కాదు, పొట్ట పట్టుకుని, బోర్డుకి ఆనుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. "ఏడుగురు రైటు రాశారు! క్లాసంతటికీ ఏడుగురే రైటు రాశారు, వాళ్లని పట్టుకొచ్చి దొంగల్లా కూర్చోబెట్టాను!" నవ్వు సగంలో ఉండగానే మొహం మారింది. ఆయన నమ్రత ఎదుట నిలబడి, "సారీ. చాలా పెద్ద సారీ. ముందు లెక్క చేసి చూడాల్సింది, నిన్ను అడగడం కాదు" అన్నాడు.

నమ్రత ఏడుస్తోందో నవ్వుతోందో జయంతికి అర్థం కాలేదు. రెండూ చేస్తోంది. జయంతీ అదే చేసింది.

"బాధపడకండి సార్" అన్నారు లీలావతిగారు. "మా కాలేజీలో ఓసారి ప్రీఫైనల్‌కి నేనూ తప్పు కీ ఇచ్చాను. ఇద్దరమ్మాయిల్ని బెంచీ ఎక్కించాను కూడా. తర్వాత తెలిసింది. ఒకమ్మాయికి క్షమాపణ చెప్పుకున్నా. రెండో పిల్ల అప్పటికే సెక్షన్ మారిపోయింది. మీరు అదృష్టవంతులు, మర్నాడే చెప్పుకున్నారు."

నమ్రత ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పేసరికి ప్రూయిట్ రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "మ్యామ్, పరీక్షకి ఇంకా మూడు వారాలుంది. శుక్రవారాలు మా క్లాసుకొచ్చి ఒక గంట చెబుతారా?"

"వాలంటీర్‌గా!" హరనాథ్ కుర్చీలోంచి లేచిపోయాడు. "ఓన్లీ వాలంటీర్‌గా! కాఫీ కూడా ఇవ్వక్కర్లేదు!"

"కాఫీ నేను తాగుతానండీ అల్లుడుగారూ" అన్నారు లీలావతిగారు. ఈసారి జయంతి నవ్వు ఆపుకోలేదు. తలుపు సందులోంచి తొంగిచూస్తున్న కౌశిక్ వెనక్కి తిరిగి వరండాలో ఏదో అరిచాడు. బయట ఆరు కుటుంబాలూ ఒకేసారి చప్పట్లు కొట్టాయి. ఎవరో ఈల కూడా వేశారు, తండ్రుల్లోనే ఎవరో అయ్యుండాలి.

డాక్టర్ బేట్స్ నవ్వుతూ రిపోర్టు కాగితం పక్కకి నెట్టింది. "అయితే ఈ ఏడుగురి కేసు అయిపోయినట్టే."

"ఏడుగురిది అయిపోయింది" అన్నాడు ప్రూయిట్. ఆయన ఫైల్లోంచి ఇంకో పేపరు తీస్తున్నాడు. మొహంలో ఇబ్బంది. "ఇది ఇవాళ మధ్యాహ్నమే దిద్దాను. మీకు చూపించకుండా ఉండటం న్యాయం కాదు."

అదే నిలువు గీత. అదే మూడు చుక్కలు. అదే పదకొండు పై. పైన పేరు: మెకెన్నా.

"ఈ అమ్మాయి మా సాఫ్ట్‌బాల్ టీములో బంతి విసిరే పిచర్. సోమవారం మ్యాచ్ ఉండి బుధవారం విడిగా రాసింది, ఇదే పేపరు. డిసెంబరు దాకా సున్నాలు తెచ్చుకున్న పిల్ల. మ్యామ్, మీ దగ్గర చదువుతోందా?"

"నా దగ్గర ఏడుగురే సార్. ఈ పేరే నేను వినలేదు."

డాక్టర్ బేట్స్ నవ్వు ఆగింది. సోమవారం రాసినవాళ్లలో ఎవరో ప్రశ్నలు బయటికి చెప్పారా? ఆ మాట ఆవిడ పైకి అనలేదు కానీ పెన్ను మళ్లీ చేతిలోకి వచ్చింది.

"నేనే" అంది నమ్రత. "అంటే క్వశ్చన్స్ చెప్పలేదు! నేనే నేర్పా. జనవరి నుంచి, లంచ్‌లో. అమ్మమ్మా, నువ్వు గరాజ్‌లో చెప్పింది చెప్పినట్టే తనకి చెప్పా. తను టెన్ టైమ్స్ అడిగేది, నేను టెన్ టైమ్స్ చెప్పేదాన్ని."

లీలావతిగారు మనవరాలి వంక కొత్త మనిషిని చూసినట్టు చూశారు. "నువ్వు పాఠం చెప్పావా? సున్నాలొచ్చే పిల్లకి? పదకొండు పై వచ్చేలా?" ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ల వంశంలో డాక్టర్లున్నారు, ఇంజినీర్లున్నారు, తన తర్వాత చాక్‌పీసు పట్టినవాళ్లు మాత్రం లేరు. ఆ లోటు ఇన్నాళ్లకి తీరిందని ఆ క్షణంలో ఆవిడకి ఎంత ఆనందమేసిందంటే, కేసు సంగతే మర్చిపోయారు.

డాక్టర్ బేట్స్ మర్చిపోలేదు. "నమ్రతా, నీ మాట నమ్మాలనే ఉంది. కానీ బుధవారం పేపరు విషయం కాబట్టి ఆ అమ్మాయి నోటి నుంచే వినాలి. నువ్వు నేర్పావని తను చెబితే ఈ కాగితం చించేస్తాను. చెప్పకపోతే ప్రశ్నలు చేతులు మారాయనే రాయాలి, నీ పేరుతో. పిలిపిస్తున్నాను. తను వచ్చేదాకా ఎవరూ ఫోన్లు ముట్టుకోవద్దు, తనతో ఒక్క మాట మాట్లాడొద్దు."

"చెప్తుంది. హండ్రెడ్ పర్సెంట్ చెప్తుంది" అంది నమ్రత ధీమాగా. మెకెన్నా ఎంత మంచి స్నేహితురాలో, మాటిస్తే ఎలా నిలబడుతుందో తల్లికి చెప్పబోయి, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. జనవరిలో, మొదటి రోజు లంచ్ టేబుల్ దగ్గర, తను మెకెన్నా చేత ఒట్టేయించుకుంది. ఎవరు అడిగినా, ఎంత అడిగినా, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావో చెప్పకు, మా అమ్మమ్మకి ప్రమాదం అని. మెకెన్నా గుండె మీద చెయ్యి వేసుకుని మరీ ఒట్టేసింది.

"అమ్మా..." అంది నమ్రత. డాక్టర్ బేట్స్ వేలు పెదవుల మీద పెట్టుకుని వద్దన్నట్టు తల ఊపింది.

తలుపు తెరుచుకుంది. ప్రాక్టీసు మధ్యలోంచి వచ్చినట్టుంది పిల్ల, మోకాళ్ల నిండా ఎర్రమట్టి, చేతిలో గ్లవ్. గదిలో అందర్నీ చూసింది. బల్ల మీద తన పేపరు చూసింది. తెల్లబోయిన నమ్రత మొహం చూసింది. చివరికి, చీర కట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డ లీలావతిగారిని చూడగానే ఆ అమ్మాయి దవడ బిగుసుకుంది. విషయం మొత్తం అర్థమైపోయినట్టు, స్నేహితురాలికి ధైర్యం చెబుతున్నట్టు, నమ్రత వైపు ఒక్కసారి కన్నుగీటింది.

"మెకెన్నా, ఈ లెక్కలు నీకు ఎవరు నేర్పారు?" అడిగింది డాక్టర్ బేట్స్.

"ఎవరూ నేర్పలేదు మ్యామ్. నమ్రతతో నేనసలు లెక్కల గురించి మాట్లాడనే లేదు. ఇక ఈ అమ్మమ్మగారంటారా, ఆవిడెవరో నాకస్సలు తెలీదు."